మెట్టసీమకు రాని పడవలు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, పాతకాలపు కొయ్యపడవలను గూర్చి, వానిని లాగిన మనుష్యులను గూర్చి వ్రాసెదనంటిని. ప్రక్కనున్న మిత్రుడొకడు నవ్వి, "చెరువు కడపటిసారి ఎన్నడు అలుగు పారినదో పెద్దలనడిగి తెలిసికొనవలసిన ఊరు మనది. ఇచ్చట పడవల కథ ఎవరికి?" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన అనంతపుర మండలమున ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్న, చిత్రావతి, హగరి అను పేర్లు నదులవే యైనను, ఏడాదిలో పెక్కు నెలలు వానిలో మనకు కనబడునది ఇసుకయే. అయినను ఒకానొకప్పుడు ఈ కరవు సీమకు పడవలు రావలసియుండెను. అవి ఏల రాలేదో తెలిసికొన్నచో, నీరు ఏల రాలేదో కూడ కొంత తెలియును. నా మిత్రునకు ఈ వ్యాసమే ప్రత్యుత్తరము.

పడవ మన తెలుగువారికి క్రొత్తది కాదు. భారతము చదివినవారికి యమునలో నావ నడపిన సత్యవతి తెలియును. రామాయణము విన్నవారికి గంగ దాటించిన గుహుడు తెలియును. ఒకతె వ్యాసునకు తల్లి, మరియొకడు రామునకు చెలికాడు. మన పూర్వులు నావ నడపువారిని తక్కువగా చూడలేదనుటకు ఈ రెండు కథలే చాలును. చరిత్రలోనికి వచ్చినచో, క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రింపించిన నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, తుపానులకు చిక్కి తీరము చేరిన ఓడల సరకును రాజులు స్వాధీనపరచుకొను పాత వాడుకను మాన్పించి, సముద్ర వర్తకులకు అభయమిచ్చెను. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిభర్తయైన అవచి తిప్పయసెట్టి ద్వీపాంతరములతో వ్యాపారము చేసిన కుటుంబమువాడు.

ఇవి తీరమువారి గొప్పలు. మన మెట్టవారికి తెలిసిన నావ పుట్టి. దీనినే అరిగోలు అనియు అందురు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ తుంగభద్రలో ఈ పుట్టిని చూచి వర్ణించి పోయెను. అది బుట్టవలె గుండ్రనిదనియు, లోపల బెత్తములల్లి వెలుపల తోలు కప్పుదురనియు, పదునైదు ఇరువది మందిని మోయగలదనియు, తెడ్డు వేసినప్పుడెల్ల గిరగిర తిరుగుచు పోవుననియు అతడు వ్రాసెను. నా చిన్నతనమున తుంగభద్ర రేవులో మొదటిసారి పుట్టి యెక్కినప్పుడు నాకును తల తిరిగినది. తెడ్డు వేయు ముసలివాడు, "కిందికి చూడవాకు నాయనా, అవతలి గట్టు చూడు" అని ధైర్యము చెప్పెను. తోలునకు బదులు తారు పూసిన గుడ్డయు, తరువాత ప్లాస్టిక్కు రేకును వచ్చినవి గాని, సుమారు అయిదు వందల యేండ్లలో పుట్టి రూపు మారలేదు. రాళ్లనడుమ పారు లోతులేని యేటికి అడుగు చదునైన ఆ బుట్టయే తగినది. నదిని దాటుటకు పుట్టి చాలును. నది వెంట నూరామడ సరకు తీసికొనిపోవుటకు మాత్రము అది చాలదు. దానికి కొయ్యపడవ వలయును.

కొయ్యపడవలకు పుట్టినిల్లు గోదావరి ముఖమునగల కోరంగి, తాళ్లరేవు ప్రాంతము. అచ్చటి వడ్రంగులు టేకు పలకలు కూర్చి, సందులలో నార దూర్చి గుగ్గిలము పూసి, సముద్రము దాటు ఓడలనే కట్టెడివారు. 1789లోను 1839లోను వచ్చిన ఘోరమైన తుపానులు కోరంగిని నేలమట్టము చేసినవి. అయినను ఆ పేరు చావలేదు. బర్మాకు పోయిన తెలుగు కూలీలను అచ్చటివారు ఏ జిల్లావారైనను 'కోరంగీలు' అనియే పిలిచిరి.

నదులలోను కాలువలలోను తిరుగు పడవ ఓడవంటిది కాదు. అది పొడవైనది, అడుగు చదునైనది. గాలి అనుకూలించినచో తెరచాప యెత్తుదురు. లోతు తక్కువైనచోట వెదురుగడతో నెట్టుదురు. గాలియు లేక, ఎదురునీరు వచ్చినప్పుడు తాడే గతి. పడవ మధ్యనున్న కొయ్యకు పొడవైన తాడు కట్టి, రెండవ కొసను ఇద్దరు ముగ్గురు మనుష్యులు భుజమునకు తగిలించుకొని కట్టమీద నడచుచు లాగుదురు. తాడును కొయ్యకు ఎత్తున కట్టుట ఏలయనగా, గట్టుననున్న పొదలకు చిక్కకుండుటకు. లాగుడునకు పడవ ముక్కు గట్టువైపు తిరుగకుండ వెనుక చుక్కాని పట్టినవాడు ఎడతెగక సరిచేయుచుండవలెను. నేడు పెద్ద రేవులలో ఓడలను లాగు చిన్న యంత్రపుటోడను టగ్గు అందురు. ఆ టగ్గు చేయు పనిని మన కాలువలలో మనుష్యుడే చేసెను.

ఇందులో ఒక లెక్క కలదు. మన దారులలో జత యెడ్లు లాగు బండిలో పది పండ్రెండు మూటలు పట్టును. నిలుకడ నీటిలో తేలు పడవనైనచో, ఇద్దరు మనుష్యులు నూరు మూటలతో మెల్లగ లాగుకొని పోగలరు. నేలపై బండిచక్రమునకు ప్రతి గుంటయు ప్రతి రాయియు పగయే. నీటికి బరువు బరువుగా తోచదు. కాలువలో ఎత్తుపల్లములు వచ్చినచోట లాకులు కట్టుదురు. రెండు జతల తలుపుల నడుమ పడవ పట్టునంత తొట్టి యుండును. పడవ లోనికి వచ్చిన పిమ్మట వెనుక తలుపులు మూసి, పై నీటిని తొట్టిలోనికి విడుతురు. నీటితో కూడ పడవ లేచును. పై మట్టమునకు సమమైనప్పుడు ముందు తలుపులు తెరతురు. దిగవలసివచ్చినచో ఇదే పని తలక్రిందుగా జరుగును. ఇట్లు మెట్లు మెట్లుగా పడవ మెరకను కూడ ఎక్కగలదు.

ఈ లెక్కను తన జీవితమంతయు చాటిన వాడు సర్ ఆర్థర్ కాటన్ (1803–1899). ధవళేశ్వరమువద్ద గోదావరికి 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించిన ఈ ఇంజనీరును, ఆ పనిలో ఆయనకు కుడిభుజమైన వీణెం వీరన్నను గోదావరి జిల్లాలవారు నేటికిని మరువలేదు. కాటన్ దృష్టిలో కాలువకు రెండు పనులు: పొలమునకు నీరిచ్చుట, సరకునకు బాట యగుట. ఇంగ్లండు ధనము రైళ్లమీద కుమ్మరించుటకంటె కాలువల మీద వెచ్చించుట మేలని ఆయన వాదించెను. 1860 ప్రాంతమున ఆయన చూపు మన సీమవైపు మరలెను. తుంగభద్ర నీటిని నిలువచేసి, నాటి బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల గుండ తూర్పుతీరమువరకు నీటిబాట వేయవలెనని ఆయన తలంపు. నాడు మన అనంతపురము బళ్ళారి జిల్లాలోనిదే యని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ పనికై ఇంగ్లండులో మద్రాసు ఇరిగేషను అండ్ కెనాల్ కంపెనీ యేర్పడెను. దాని మూలధనములో పది లక్షల పౌనులపై నూటికి అయిదు చొప్పున వడ్డీ ఇచ్చుటకు ప్రభుత్వము పూచీపడెను. అనగా, కాలువ లాభించినను నష్టించినను వాటాదారునకు వడ్డీ తప్పదు. ఆ వడ్డీ వచ్చునది ఈ దేశపు రైతు పన్నునుండియే. కర్నూలునకు పైన సుంకేసులవద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టిరి. హంద్రీనదిని దాటించుటకు కర్నూలున వంతెనపై కాలువ నడపిరి. 1871 నాటికి కర్నూలు–కడప కాలువ సుమారు 190 మైళ్లు, అనగా 300 కిలోమీటర్లకు మించి, పూర్తియయ్యెను. లాకులు కట్టిరి, పడవలు నడచుటకు తగిన వెడల్పు నుంచిరి. రాయలసీమ నడుమ కొయ్యపడవలు తిరిగినవన్న మాట నేటి పిల్లలు నమ్మకపోవచ్చును గాని, అది నిజము.

అయినను ఆ బాట సాగలేదు. కారణములు మూడు. మొదటిది, కాలువ కడప సీమలో ఆగిపోయెను. తీరమునకు చేరి అచ్చటి కాలువలతో కలియలేదు. తుది లేని బాటపై వర్తకుడు సరకు వేయడు. రెండవది, అదే 1871లో మద్రాసునుండి కడప, గుత్తి, గుంతకల్లుల మీదుగ రాయచూరు వరకు రైలుమార్గము పూర్తియై బొంబాయి మార్గముతో కలిసెను. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: సుంకేసులలో కట్టినది ఆనకట్టయే గాని జలాశయము కాదు. ఆనకట్ట పారు నీటిని మళ్లించునే గాని నిలువచేయదు. వేసవిలో నది సన్నగిల్లినప్పుడు కాలువయు సన్నగిల్లెను. కాటన్ తలంపులో ముందుండవలసిన జలాశయమును విడిచి, దాని తోకయైన కాలువను మాత్రము కట్టిరి. విత్తు చల్లక కళ్లమును అలికినట్లయ్యెను.

రైతులును నీటికై పరుగెత్తి రాలేదు. దీనినిబట్టి మనవారు మూర్ఖులని నాటి దొరలలో కొందరు తలచిరి. అది సరికాదు. ఆ కాలువ క్రిందిది చాలవరకు నల్లరేగడి. రేగడి వాన తేమను పట్టి యుంచును. దానిలో జొన్నయు ప్రత్తియు వానమీదనే పండును. తరి సేద్యమునకు గట్లు వేయవలెను, పెట్టుబడి పెట్టవలెను, ఆపైన నీటితీరువ చెల్లింపవలెను. వాన వచ్చిన యేట తీరువ దండుగ యని రైతు తలచుట లెక్క తెలిసిన మాటయే. కాటన్ మహాశయుడు నీటి నడకను ఎరిగినంతగా మెట్టరైతు మనసును ఎరుగలేదని చెప్పుట తప్పు కాదు.

కాలువ ముగిసిన అయిదేండ్లకు ధాత కరవు వచ్చెను. 1876లో వానలు పూర్తిగా తప్పెను. ఆ కరవు 1878 వరకు సాగెను. మద్రాసు రేవునకు ధాన్యము ఓడలమీద వచ్చెను. రైలు దానిని గుత్తి మొదలగు స్టేషనుల వరకు తెచ్చెను. కాని స్టేషనునుండి ఊరికి తెచ్చుటకు బండ్లేవి? మేత లేక ఎడ్లు చచ్చిపోయినవి. ధాన్యము స్టేషనులలో గుట్టలుపడియుండ, మనుష్యులు ఊళ్లలో ఆకలితో మడిసిరి. సహాయపు పనులకు వచ్చిన కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించెను. నేటి అనంతపుర ప్రాంతపు జనాభా 1871 లెక్కలకంటె 1881 లెక్కలలో అయిదింట ఒక వంతునకు దగ్గరగా తగ్గెను. ఒక్క నిమిషము ఆగి, ఊరిలో ప్రతి అయిదవ మనిషిని తీసివేసి చూడుడు. ఈ అంకె యొక్క అర్థము బోధపడును.

1878లో లండను నగరమున పార్లమెంటు సంఘము ఎదుట కాటన్ తన పాత వాదమును మరల వినిపించెను. రైలునకు బదులు నీటిబాటలున్నచో ధాన్యమును పశువుల సాయము లేకయే మనుష్యులు లాగి తెచ్చియుందురనెను. కరవులో కాలువ మాత్రము ఎండదా యని ప్రతిపక్షులు అడిగిరి. నాకు తోచినంతలో ఇరువురి మాటలోను నిజము కలదు. నిలువనీరు గల కాలువ యైనచో కాటన్ మాట నెగ్గును. సుంకేసుల కాలువవంటి దానికి ప్రతిపక్షుల ప్రశ్నయే నెగ్గును. ప్రభుత్వము 1882లో కంపెనీనుండి కాలువను సుమారు 3 కోట్ల రూపాయలకు కొనెను. ఆ 1882లోనే బళ్ళారినుండి విడిపోయి మన అనంతపురము జిల్లా యయ్యెను. అనగా, నీటిబాట ఆశ అణగిన యేడే మన జిల్లా పుట్టినది. 1933 తరువాత ఆ కాలువను సాగునకే వినియోగించిరి. పడవల మాట అంతటితో ముగిసెను.

తీరమునందు కథ వేరుగ నడచెను. 1806లో మద్రాసు, ఎన్నూరుల నడుమ కొక్రేన్ దొర పేర మొదలైన కాలువ, ఉత్తరముగ పెరిగి పెద్దగంజాము వరకు వచ్చి, కృష్ణా గోదావరి కాలువలతో కలిసెను. కాకినాడలో ఎక్కించిన సరకు సముద్రము ముట్టకయే మద్రాసు చేరగలిగెను. ధాత కరవులో మద్రాసు నగరమున అడయారు, కూవము నదులను కలుపు భాగమును కరవు కూలీలచే త్రవ్వించి, నాటి గవర్నరు పేర దానిని బకింగ్‌హాం కాలువ యనిరి. గవర్నరు పేరు కాలువకు నిలిచినది. త్రవ్విన యాకలిగొన్నవారి పేరు ఒక్కటియు నిలువలేదు. వంటచెరకు, ఉప్పు, ధాన్యము, గుల్లసున్నపు గవ్వలు మోసికొని తెరచాప పడవలు ఆ కాలువలో సుమారు తొంబది యేండ్లు తిరిగినవి. 1965, 1966 తుపానులు గట్లను చెరచినవి. లారీలు, తారురోడ్లు తక్కిన పనిని ముగించినవి. 2008లో ఈ కాలువలను, గోదావరి కృష్ణలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి గాని, ఆ పాత సందడి తిరిగి రాలేదు.

లాగువాడు మాత్రము లోకమునుండి పోలేదు, రూపు మార్చుకొనెను. విశాఖపట్టణపు రేవులోనికి 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' యను ఓడ మొదట ప్రవేశించెను. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకు మార్గమున పెద్ద ఓడ తనంతట తిరుగలేదు. టగ్గులు దానిని త్రాళ్లతో పట్టి లోనికి తెచ్చి గట్టున చేర్చవలెను. ఎంత పెద్ద ఓడయైనను గమ్యము చేరుటకు కడపటి మైలులో ఒక చిన్న పడవ సాయము కోరును. ఇది నీతివాక్యముగ చెప్పుట లేదు, రేవులో నిత్యము జరుగు పని.

ఇక గ్రంథాలయ సంచికలో ఈ కథకు చోటేలయని అడుగువారికి ఒక సంగతి చెప్పి ముగించెదను. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. ఆ ఉద్యమములోని వారు పుస్తకము పాఠకుని వెదకికొని పోవలెనని నమ్మిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టాలో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువలో తిరుగు ప్రయాణీకుల పడవలోనే గ్రంథాలయము పెట్టిరి. పడవ ప్రయాణము మెల్లనిది. గంటల తరబడి కూర్చున్నవారి చేతికి పుస్తకము వచ్చెను. చదువురానివారికి చదివి వినిపించువారును దొరకియుందురు. కట్టమీద తాడు లాగువాడు తన వెనుక వచ్చు బరువులో పుస్తకములున్నవని ఎరుగునో లేదో గాని, అతడు లాగిన బరువులలో అంతకంటె మేలైనది లేదు.

మన సీమకు కాటన్ తలచిన జలాశయము 1953లో తుంగభద్ర డ్యాముగ వచ్చెను. దాని ఎగువ కాలువ మన జిల్లాకు కొంత నీరు తెచ్చెను. నీటిలో రాయలసీమకు ముందు పాలు ఉండవలెనని 1937లో శ్రీబాగు ఒడంబడికలో వ్రాసికొన్న మాట ఎంతవరకు తీరినదో పాఠకులే ఎరుగుదురు. ఇటీవల హంద్రీ–నీవా మూలమున కృష్ణనీరును మన మండలమును ముట్టినది. పడవలు రాకున్నను, నీరు వచ్చిన జలాశయములలో చేపలు పట్టువారి పుట్టులు మరల తిరుగుచున్నవి. పాయెస్ నేడు వచ్చినచో వానిని గుర్తించును.

నేను జీవితమంతయు లెక్కలు వ్రాసినవాడను. కాలువల లెక్కలలో మూటలుండును, సుంకముండును, తీరువయుండును, వడ్డీయుండును. తాడు లాగినవాని పేరుండదు. ఆ దోషము లెక్కది కాదు, లెక్క వ్రాసినవానిది. కనుక ఈ రజతోత్సవ సమయమున కార్యవర్గమునకు నాదొక విన్నపము. గ్రంథాలయమున ఒక తెల్ల పుస్తకమునుంచుడు. మన ఊరిలో చెరువు పూడిక తీసినవారు, కపిల తోలినవారు, కరవుపనులలో రాళ్లు కొట్టినవారు, తుంగభద్ర కాలువ త్రవ్వబోయినవారు ఎవరెవరో, ఎనుబదియేండ్లు దాటిన పెద్దల నోట విని, పేరు పేరున అందులో వ్రాయుడు. చదువుకొన్న పిల్లలు దినమునకొక పుట చొప్పున వ్రాసినను ఏడాదిలో ఒక చరిత్ర యగును. స్వర్ణోత్సవమునాటికి మనలో ఎందరుందుమో చెప్పలేము. ఆ పుస్తకము మాత్రము ఉండవలెను.